ఊదేవాడూ వినేవాడూ

తెనాలి నుంచి ఒక పెద్దమనిషి వుత్తరం వ్రాశారు. ఆయన కుమారుడు ఇంజనీరింగు చదువుతున్నాడట. చదువు సంగతి బాగానే వుంది గాని, మూడు నెలలుగా సాక్సఫోన్ నేర్చుకుంటానని పట్టుబట్టి కూర్చున్నాడట. "మేష్టారూ! వీణ అన్నాడా, వేణువు అన్నాడా, పోనీ వయొలిన్ అన్నాడా, అప్పు చేసైనా కొనిచ్చేవాణ్ణి. ఈ ఇంగ్లీషు బాకా మన యింట్లో ఏమిటండీ? పెళ్ళి వూరేగింపుల్లో బ్యాండువాళ్ళు వూదేది గదా! మీరు నాలుగు ముక్కలు వ్రాస్తే మావాడు వింటాడు" అని వుత్తరం సారాంశం.

నాలుగు ముక్కలు వ్రాస్తాను. ఎటొచ్చీ అవి అబ్బాయికంటె నాన్నగారికే ఎక్కువ పనికివస్తాయేమోనని నా అనుమానం.

మొట్టమొదట, సాక్సఫోన్ ఇంగ్లీషువాళ్ళది కాదు. అడాల్ఫ్ సాక్స్ అనే బెల్జియం దేశస్థుడు దాన్ని తయారుచేసి, 1846లో పారిస్‌లో పేటెంటు పుచ్చుకున్నాడు. అతని తండ్రిది కూడా వాయిద్యాలు తయారుచేసే వృత్తే. పటాలాల బ్యాండుల్లో పెద్దగా మోగడానికి పనికివస్తుందని చేసిన వాయిద్యం అది. ఒళ్ళంతా ఇత్తడే అయినా దాన్ని ఇత్తడి బాకాల జాతిలో చేర్చరు. కర్ర వాయిద్యాల జాతిలో చేరుస్తారు. కారణం పీక. నోట్లో పెట్టుకునే చోట చిన్న రెల్లు బద్ద ఒకటి వుంటుంది. వూపిరి తగిలి ఆ బద్ద అదిరితేనే నాదం. మన సన్నాయిలోనూ జరిగేది అదే. సన్నాయి పీకలో రెండు రేకులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అదురుతాయి. సాక్సఫోన్‌లో ఒక్కటే అదురుతుంది. వరసలు కలుపుకుంటూ పోతే ఆ ఇత్తడి దొర మన సన్నాయికి అన్నదమ్ముడు కాకపోయినా, దూరపు మేనబావ అయినా అవుతాడు.

ఇక వయొలిన్ అయితే కొనిచ్చేవాణ్ణన్నారు. వయొలిన్ మాత్రం కృష్ణ ఒడ్డున మొలిచిందా? అదీ సముద్రం దాటి వచ్చిందే. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వంటి మహానుభావుల చేతిలో పడి మనది అయిపోయింది. మాండలిన్‌నూ అట్లాగే, 1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ అనే పిల్లవాడు త్యాగరాజస్వామి ముందుకు తీసుకువెళ్ళి నిలబెట్టాడు. కనుక వాయిద్యం ఏ వూరిదన్నది అంత పెద్ద ప్రశ్న కాదు. దాన్ని పట్టుకున్నవాడు ఎవరిని విని నేర్చుకున్నాడు? వాణ్ణి కూర్చుని వినేవాళ్ళెవరు? అడగవలసిన ప్రశ్నలు ఈ రెండూ.

ఇందుకు ఇద్దరి కథలు చెబుతాను. ఒకాయనది లండను. ఒకాయనది మన పాత గుంటూరు జిల్లా. ఇంచుమించు మూడేళ్ళ తేడాతో పుట్టి, ఇంచుమించు మూడేళ్ళ తేడాతోనే పోయినవాళ్ళు. ఒకరు సాక్సఫోను, ఒకరు నాదస్వరం.

లండనాయన పేరు రానీ స్కాట్. 1927 జనవరి 28న లండన్ తూర్పు పేటలో, ఒక యూదుల కుటుంబంలో పుట్టాడు. ఆ పేట దర్జీలూ, చిల్లర వర్తకులూ, రేవుకూలీలూ వుండే పేట. తండ్రి కూడా డాన్సు బ్యాండులలో సాక్సఫోన్ వాయించినవాడే. పదహారేళ్ళు వచ్చేసరికే కుర్రవాడు చిన్న చిన్న క్లబ్బుల్లో వాయించడం మొదలుపెట్టాడు. సాక్సఫోనులలో కాస్త మందరమైన గొంతు గల టెనార్ రకం అతనిది.

అప్పటికి అమెరికాలో జాజ్ సంగీతం కొత్త మలుపు తిరుగుతున్నది. జాజ్ అంటే వట్టి గోల అనుకునేవారికి ఒక్క మాట. అందులో ఒక పాట వుంటుంది, దానికొక తాళం వుంటుంది. పాట ఒకసారి వినిపించి, ఆ తరువాత వాయించేవాడు ఆ చట్రంలోనే తన మనోధర్మాన్ని బట్టి అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతాడు. కల్పనస్వరం వేసే మన విద్వాంసుడు తాళం తప్పకుండా ఎత్తుగడకు వచ్చి చేరినట్టే, అతనూ తిరిగి తిరిగి పాటకు వచ్చి చేరాలి. అందులో ఆ రోజుల్లో చార్లీ పార్కర్ అనే నీగ్రో జాతి విద్వాంసుడు అందుకోలేని వేగంతో, అంతు తెలియని లెక్కలతో కొత్త బాణీ తెచ్చాడు. గ్రామఫోన్ ప్లేట్లు లండన్‌కు ఒకటీ అరా వచ్చేవి. అవి విని కుర్రవాళ్ళకు మతులు పోయాయి. కాని ప్లేటులో వినడం వేరు, ఎదుట కూర్చుని వినడం వేరు. అమెరికా వెళ్ళడానికి డబ్బేదీ?

దానికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం ఏమిటో తెలుసా? అట్లాంటిక్ సముద్రం దాటే పెద్ద ఓడలలో ప్రయాణీకుల వినోదానికి బ్యాండు వుండేది. ఆ బ్యాండులో ఉద్యోగానికి చేరారు. రానీ స్కాట్ క్వీన్ మేరీ ఓడ ఎక్కాడు. దారిపొడుగునా షావుకార్లు నాట్యమాడుతూ వుంటే వాళ్ళకు కావలసిన పాటలు వాయించడం. ఓడ న్యూయార్కు రేవులో ఆగగానే 52వ వీధికి పరుగెత్తి, క్లబ్బులలో కూర్చుని వినడం. ఓడ కూత వేసేసరికి మళ్ళీ వచ్చి ఎక్కడం. నెలకు ఇంత జీతం అని కాక, ఒక రాత్రి వినికిడి కోసం సముద్రం దాటి పనిచేశారన్న మాట. మన పూర్వులు గురుకులంలో నీళ్ళు మోసి, కట్టెలు కొట్టి విద్య నేర్చుకున్నారని చెప్పుకుంటాం. ఇది మాత్రం ఏం తక్కువ?

తిరిగి వచ్చి, 1948లో లండన్‌లో తోటివాళ్ళతో కలిసి క్లబ్ ఎలెవెన్ అని ఒకటి పెట్టారు. పదిమంది వాయించేవాళ్ళు, ఒక మేనేజరు, వెరసి పదకొండు. 1957లో తనకంటె ఎనిమిదేళ్ళు చిన్నవాడైన టబ్బీ హేస్‌తో జోడీ కట్టి రెండేళ్ళు వాయించాడు. అప్పటికి పేరూ వచ్చింది, పొట్ట గడవడానికి పనీ వుంది. అంతటితో తృప్తి పడి వుంటే ఈ కథ చెప్పవలసిన పని లేదు.

డాన్సు హాళ్ళలో జనం నాట్యం కోసం వస్తారు. హోటళ్ళలో తిండి కోసం వస్తారు. వినడానికే వచ్చి కూర్చునే చోటు ఒకటి వుండాలని అతని కోరిక. తనలాగే సాక్సఫోన్ వాయించే పీట్ కింగ్ అనే మిత్రుణ్ణి భాగస్వామిగా చేసుకుని, 1959 అక్టోబరు 30న లండన్ సోహో పేటలో జెరార్డ్ వీధి 39వ నెంబరు భవనం నేలమాళిగలో క్లబ్బు తెరిచాడు. దానికి తన పేరే పెట్టాడు. అప్పట్లో ఆ దేశపు వాయిద్యగాళ్ళ సంఘానికీ, అమెరికా సంఘానికీ తగాదా. అక్కడివాళ్ళు ఇక్కడ, ఇక్కడివాళ్ళు అక్కడ వాయించడం ఎన్నో ఏళ్ళు కుదరలేదు. ఈ మిత్రులిద్దరూ వెంటబడి రాయబారాలు నడిపి, 1961లో జూట్ సిమ్స్ అనే అమెరికా విద్వాంసుణ్ణి తమ క్లబ్బుకు రప్పించారు. ఆ తరువాత ఒకరి వెనుక ఒకరు వచ్చారు. తాను సముద్రం దాటి వెళ్ళి విన్నవాళ్ళను, వెనుకటి కుర్రవాళ్ళు కదలకుండా వినే ఏర్పాటు చేశాడు. 1965లో క్లబ్బు దగ్గరలోనే వున్న ఫ్రిత్ వీధికి మారింది. అప్పులు, తిప్పలు, మూసేద్దామా అన్న రోజులు ఎన్నో వచ్చాయి. అతను మైకు దగ్గర నిలబడి, తన క్లబ్బు తిండి మీద తానే ఛలోక్తులు విసిరి జనాన్ని నవ్విస్తూ నెట్టుకువచ్చాడు. 1968లో బీటిల్స్ వారి "లేడీ మడోనా" పాటలో వినిపించే టెనార్ సాక్సఫోన్ అతనిదేనంటే మన కుర్రకారుకు ఆనవాలు దొరుకుతుంది.

చివరి రోజుల్లో పళ్ళకు చేయించుకున్న చికిత్స మూలంగా వాయించడం కష్టమైపోయింది. వూదేవాడికి పళ్ళూ పెదవులూ పోయాయంటే వీణ వాయించేవాడికి వేళ్ళు పోయినట్టే. ఆ దిగులు అతన్ని బాగా కుంగదీసింది. 1996 డిసెంబరు 23న, 69వ ఏట పోయాడు. క్లబ్బు మాత్రం ఫ్రిత్ వీధిలో ఇప్పటికీ నడుస్తున్నది.

ఇక మన ఆయన. పేరు షేక్ చినమౌలానా సాహెబ్. 1924 మే 12న ఒంగోలు దగ్గర కరవది గ్రామంలో పుట్టారు. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో గదా. ఆయన పుట్టేనాటికి ఒంగోలు కూడా గుంటూరు జిల్లాయే. అంటే మా మంగళగిరీ, ఆయన కరవదీ అప్పుడు ఒకే జిల్లా. వాళ్ళది తరతరాలుగా నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబం. ఈ మాట విని ఉత్తరాదివాళ్ళు ఆశ్చర్యపోవచ్చు గాని మనకు వింత కాదు. గుంటూరు సీమలో ఎన్ని గుళ్ళల్లో సాయిబుల సన్నాయితో స్వామికి మేలుకొలుపు జరగలేదు? ఎన్ని వైదిక కుటుంబాలలో సాయిబుగారి మేళం లేకుండా ముహూర్తం దాటింది?

చినమౌలానాగారికి మొదటి గురువు తండ్రి కాశిం సాహెబుగారే. తరువాత చిలకలూరిపేట ఆదం సాహెబుగారి దగ్గర నేర్చుకున్నారు. చిలకలూరిపేట అంటే మద్రాసు వెళ్ళే పెద్దరోడ్డు మీద మా వూరికి నాలుగు అడుగుల దూరం. నాదస్వరానికి ఆ వూరు పెట్టింది పేరు. ఇక్కడే వుండి, ఇక్కడి బాణీలోనే వాయించుకుంటూ, పెళ్ళికి ఇంతని పుచ్చుకుంటూ ఆయన హాయిగా కాలక్షేపం చేయవచ్చు.

కాని తిరువావడుదురై రాజరత్నం పిళ్ళైగారి నాదస్వరం ఆయన చెవిని పడింది. పిళ్ళైగారు 1898లో పుట్టి 1956లో పోయిన మహా విద్వాంసుడు. పూర్వం వాడే పొట్టి నాదస్వరం శ్రుతి హెచ్చు. ఆయన పొడుగు నాదస్వరం చేపట్టి, శ్రుతి తగ్గించి, వూరేగింపు వాయిద్యాన్ని కచేరీ వాయిద్యం చేశారు. ఆయన తోడిరాగం గంటల తరబడి వాయించేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది విన్న చినమౌలానాగారికి వచ్చిన విద్య చాలదనిపించింది. అప్పటికే వాయిద్యం చేతికి వచ్చిన మనిషి మళ్ళీ శిష్యుడై, తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోవిల్ సోదరులు రాజం, దురైకణ్ణు గార్ల దగ్గర కూర్చున్నారు. భాష వేరు, మతం వేరు, బాణీ వేరు. చెవి ఒక్కటే ఆధారం.

నాదస్వరం ఎట్లాంటి వాయిద్యమో తెలిస్తే గాని ఆ కష్టం తెలియదు. సాక్సఫోన్‌కు మీటలు ఇరవైకి పైగా వుంటాయి. ఏ మీట నొక్కితే ఏ స్వరమో చాలావరకు ముందే నిర్ణయం. నాదస్వరానికి మీటల్లేవు. రెండున్నర అడుగుల కర్రగొట్టం, 7 వేలి రంధ్రాలు, అంతే. ఆ ఏడు రంధ్రాల మీదే సగం మూసీ, సగం తెరిచీ, పెదవి బిగించీ, వూపిరి సడలించీ రాగానికి కావలసిన సూక్ష్మ స్వరాలన్నీ పిండుకోవాలి. పీక కావేరి ఒడ్డున పెరిగే ఒక జాతి రెల్లుతో చేస్తారు. అది వాన వస్తే ఒకరకం, ఎండ కాస్తే ఒకరకం. అందుకే నాదస్వరం మెడకు నాలుగైదు పీకలూ, వాటిని సవరించుకునే సన్నని పుల్లా ఎప్పుడూ వేళ్ళాడుతూ వుంటాయి. ఇంత చేసి పక్కన డోలు మోతకు తట్టుకుని నిలవాలి. గమకం ఒక్కటి సరిగా పలకడానికి ఏళ్ళు పడుతుందంటే అతిశయోక్తి కాదు.

చినమౌలానాగారు ఆ బాణీని సాధించారు. సాధించి, తమిళదేశంలోనే, తంజావూరు విద్వాంసుల సొంతగడ్డ మీదే మెప్పు పొందారు. రంగనాథస్వామి మీద భక్తితో శ్రీరంగంలో స్థిరపడ్డారు. అక్కడ శారదా నాదస్వర సంగీతాశ్రమం పెట్టి పిల్లలకు విద్య చెప్పారు. ముస్లిం విద్వాంసుడు, సరస్వతి పేరు మీద పాఠశాల, రంగనాథుని సన్నిధి! ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆ మరుసటి ఏడు ఏప్రిల్ 13న కన్నుమూశారు. మనుమలు కాశిం, బాబు ఆ విద్యను అందుకున్నారు. శిష్యులలో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆడది నాదస్వరం పట్టడమేమిటని అడిగేవాళ్ళకు కాలీషాబీగారే జవాబు.

ఈ రెండు కథలకూ మధ్య వంతెన వంటి మనిషి కూడా ఒకాయన వున్నారు. దక్షిణ కన్నడ జిల్లాలో 1949లో పుట్టిన కద్రి గోపాలనాథ్‌గారు. తండ్రి నాదస్వర విద్వాంసుడు. కొడుకు మైసూరు రాజావారి బ్యాండులో సాక్సఫోన్ విని మనసు పారేసుకుని, మీటలున్న ఆ వాయిద్యం చేత మన గమకాలు పలికించాడు. 1994లో లండన్ ఆల్బర్ట్ హాలులో, బి.బి.సి. వారి ప్రామెనేడ్ కచేరీలలో వాయించాడు. నాదస్వరం ఇంట పుట్టిన చెవి గనుకనే ఇత్తడి గొట్టంలోంచి కళ్యాణి పలికింది. 2019లో ఆయనా పోయారు. తెనాలి మిత్రులు 'ఇంగ్లీషు బాకా' అన్నది ఈ వాయిద్యాన్నే.

ఇంతవరకూ పెద్దవాళ్ళ సంగతి. ఇప్పుడు చిన్నవాళ్ళ సంగతి, అంటే మన సంగతి.

మొన్న మాఘమాసంలో మా వూళ్ళో ఒక పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళివారి పేరు అనవసరం. మండపం నిండా జనం, పూలు, దీపాలు, కెమేరాలు. ఒక మూల బల్ల మీద సన్నాయి మేళం. వూదుతున్నది డెబ్భై ఏళ్ళ సాయిబుగారు. ముహూర్తానికి ఇంకా ముప్పావుగంట వ్యవధి వుంది. ఆయన ఆనందభైరవి ఎత్తుకున్నాడు. నెమ్మదిగా, తొందరలేకుండా, ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల నిమిరినట్టుగా వాయిస్తున్నాడు. నేను కుర్చీ ఆయన వైపుకు తిప్పుకుని కూర్చున్నాను. ఇంతలో వీడియో కుర్రవాడు వచ్చి చెయ్యి వూపాడు. మైకులో సినిమా పాట అందుకున్నది. రాగం సగంలో తెగిపోయింది. సాయిబుగారు పీక తుడుచుకుని పక్కన పెట్టాడు. ఆ ముఖంలో కోపమూ లేదు, నొచ్చుకోవడమూ లేదు. అదే నన్ను బాధించింది.

భోజనాల తరువాత దగ్గరకు వెళ్ళి, "సాయిబుగారూ! ఆనందభైరవి చాలా బాగుందండీ. పూర్తి కానివ్వలేదు" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మేష్టారేనా తమరు?" అన్నాడు.

"అవునండి. ఎట్లా తెలిసింది?"

"రాగం పేరు చెప్పారు గదండీ. పెళ్ళిలో మాకు తెలిసినవి రెండే సైగలు బాబూ. ఒకటి వాయించమని, ఒకటి ఆపమని. మధ్యలో ఏం వాయించామో ఎవరికీ పట్టదు. గట్టిమేళం వేళకు గట్టిగా మోగితే చాలు" అన్నాడు.

"పిల్లలు నేర్చుకుంటున్నారా?"

"పెద్దవాడు ఆటో నడుపుతాడు. చిన్నవాడికి బాగా పలుకుతుందండీ. వాడు శ్రీరంగం వెళతానంటున్నాడు. అక్కడైతే వింటారట గదా!" అని నవ్వాడు. "నాకింక పళ్ళు కదులుతున్నై బాబూ. పళ్ళు వూడితే పాట వూడినట్టే. వాడు ఇక్కడుంటే బాగుండునని వుంటుంది. వుండి ఏం చేస్తాడు?"

నా దగ్గర సమాధానం లేదు.

మా మంగళగిరి పానకాలస్వామి సంగతి అందరికీ తెలిసిందే. కొండ మీద స్వామి నోట్లో ఎంత పానకం పోసినా సగమే పుచ్చుకుంటాడు, సగం భక్తుడికే వదిలిపెడతాడని ప్రతీతి. బిందె పోస్తే సగం బిందె, చెంబు పోస్తే సగం చెంబు. మా వూళ్ళో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. విద్వాంసుడికి మనం చేయవలసింది అంతకంటె ఎక్కువ లేదు. ఆయన పోసిన దాంట్లో సగం పుచ్చుకుంటే చాలు. నిజం చెప్పాలంటే మనం చెంచాడు కూడా పుచ్చుకోవడం లేదు. పానకం మొత్తం నేలపాలవుతున్నది.

"డబ్బిస్తున్నాం గదా" అంటారు. ఇస్తున్నారు, కాదనను. ఓడ మీద వాయించినందుకు రానీ స్కాట్‌కూ డబ్బిచ్చారు. కాని అతణ్ణి విద్వాంసుణ్ణి చేసింది ఓడ జీతం కాదు. 52వ వీధిలో కూర్చుని విన్న రాత్రులు. చినమౌలానాగారిని చినమౌలానాగారిని చేసింది కరవదిలో పుట్టుక ఒక్కటే కాదు. పిళ్ళైగారిని విన్న చెవి. ఆ తరువాత ఆయన్ను విన్న శ్రీరంగం. విద్య పుట్టేది ఒక చోట. అది కాపురం పెట్టేది మాత్రం వినేవాళ్ళున్న చోట. తమిళులు మన విద్వాంసుణ్ణి తీసుకుపోయారని కొందరు నిష్ఠూరంగా అంటారు. వాళ్ళేమీ ఎత్తుకుపోలేదు. కూర్చుని విన్నారు, అంతే. లండన్‌లో ఆ క్లబ్బు నేలమాళిగలో జరిగిందీ అదే. ఆయన మనుషులను కుర్చీల్లో కూర్చోబెట్టి వినమన్నాడు. విన్నారు. ఆయన పోయి పాతికేళ్ళు దాటినా వింటూనే వున్నారు.

మనకు వినే అలవాటు లేదని నేను అనను. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైన తరువాత, ఈ కృష్ణా గుంటూరు జిల్లాలలో తెల్లవారుజామున రేడియో తిప్పితే మంగళవాద్యం వినిపించేది. పాలు పితికేవాళ్ళూ, మగ్గం గుంటలో దిగేవాళ్ళూ, పుస్తకం ముందు తూగే పిల్లకాయలూ అందరూ వినేవాళ్ళు. మా చేనేతపేటలో రాగాల పేర్లు తెలియకపోయినా, వాయించినవాడు తప్పితే "ఇవాళ సన్నాయి తేడాగా వుందే" అనే చెవులుండేవి. ఆ చెవులు ఎక్కడికీ పోలేదు. పెద్ద స్పీకర్ల మోతలో మూసుకుని వున్నాయి, అంతే.

అందుచేత తెనాలి మిత్రులకు నా సలహా ఇది. అబ్బాయికి సాక్సఫోన్ కొనివ్వండి. సెకండుహ్యాండుదైనా ఫరవాలేదు, పీకలు మాత్రం కొత్తవి కొనండి. ఒక షరతు పెట్టండి. చేతికి వాయిద్యం ఇచ్చే ముందు ఒక నెల రోజులు చెవికి పని చెప్పాలి. గోపాలనాథ్‌గారి రికార్డులు వినాలి, చినమౌలానాగారివి వినాలి. వీలైతే రానీ స్కాట్‌నూ వినాలి. ఈ రోజుల్లో ఇందుకు ఓడ ఎక్కనక్కరలేదు. జేబులో వున్న ఫోన్‌లోనే అన్నీ దొరుకుతున్నాయి. దానితో సరిపోదు. మీ వూరి గుళ్ళో సన్నాయి వాయించే ఆయన దగ్గరకు తీసుకువెళ్ళి, డోలు పక్కన కూర్చోబెట్టండి. వూపిరి ఎక్కడ తీస్తున్నాడో, ఎక్కడ దాస్తున్నాడో అక్కడైతేనే తెలుస్తుంది.

షరతు అబ్బాయికి ఒక్కడికే పెడితే న్యాయం కాదు. మీకూ ఒకటి. సాయంకాలం అతను సాధన చేసేటప్పుడు పది నిమిషాలు పేపరు మడిచి పక్కన పెట్టి కూర్చోండి. మొదటి ఆరు నెలలూ దూడ తప్పిపోయిన గేదె అరుపులాగే వుంటుంది. ఓర్చుకోవాలి. ఇంట్లో వినేవాడు లేని విద్య వీధిలోకి వెళ్ళి వినేవాళ్ళను వెతుక్కుంటుంది. అక్కడా దొరక్కపోతే వూరు దాటుతుంది.

ఇక మిగిలిన పాఠకులకు ఒక మనవి. ఫాల్గుణ మాసంలో మా నరసింహస్వామి తిరునాళ్ళకు వచ్చేవారు చాలామంది వుంటారు. శుద్ధ చతుర్దశినాడు కల్యాణం, పౌర్ణమినాడు రథోత్సవం. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు కట్టించిన 11 అంతస్తుల గాలిగోపురాన్ని తల వెనక్కు వాల్చి చూసి, ఎంత ఎత్తో అని ఆశ్చర్యపోతారు. పోవలసిందే. 153 అడుగులంటే మాటలా! చూసిన తరువాత తల దించి, స్వామి ముందు నడిచే సన్నాయి వైపు కూడా ఒక్కసారి చూడండి. నాలుగు అడుగులు ఆ మేళం వెంట నడవండి. ఏ రాగమని అడగండి. అడిగినందుకు ఎవరూ కోప్పడరు. వాయించేవాడి ముఖం ఎట్లా విప్పారుతుందో మీరే చూస్తారు.

పెళ్ళి పెట్టుకున్నవారికి మరీ ముఖ్యంగా చెబుతున్నాను. పూలకూ, దీపాలకూ, ఫొటోలకూ లక్షలు ఖర్చు పెడుతున్నారు, పెట్టండి, శుభకార్యం. ముహూర్తానికి ముందు ఒక్క అరగంట మైకు కట్టివేయించి, ఆ సాయిబుగారిని ఒక రాగం పూర్తిగా వాయించనివ్వండి. వీడియో కుర్రవాడికి ఆ సంగతి ముందే చెప్పి వుంచండి. దీనికి అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు. నాలుగు కుర్చీలు సన్నాయి వైపుకు తిప్పి వేయిస్తే సరి.